రెండు కాపీలూ ఒకే పీట మీద

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం కొంచెం తేలిక.

భవానీపురంలో మా ఇంటి కింది గదిలో రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. స్టూడియో అన్నానని పెద్దగా ఊహించుకోకండి. గోడలకు స్పాంజి పలకలు, తలుపుకు మందపాటి దుప్పటి, ఒక మంచి మైకు, ఒక మిక్సర్, ఒక కంప్యూటర్, అంతే. ఆటోల మీద తిరిగే ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల పాఠాలు, ఎన్నికలొస్తే నాయకుల ఊకదంపుడు, ఇదీ నా పని. మైకు ముందు కూర్చుని అక్షరాలు మింగేసేవాళ్లను నేను ఊరికే వదలను. "అమ్మాయ్, నిన్ను వెతుక్కుంటూ వచ్చేది రికార్డింగుకా, తిట్లు తినడానికా?" అని మా అత్తగారు మెట్ల మీద నుంచే అడుగుతుంటారు. మా ఆయనకు ఉద్యోగం ఉయ్యూరులో. పొద్దున పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే. పగలంతా ఇంట్లో మేమిద్దరమే, ఒకరి మీద ఒకరం అరుచుకుంటూ రోజు గడిపేస్తాం.

ఒక్క విషయంలో మాత్రం నన్ను వేలెత్తి చూపడానికి ఉండేది కాదు. రికార్డు చేసిన ప్రతిదీ ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టి, దాన్ని ఉన్నదున్నట్టు రెండో డిస్క్‌లోకి కాపీ చేసేదాన్ని. ఆ రెండోది మా ఇంట్లో ఉండదు. కంకిపాడులో మా అక్క బీరువాలో, పట్టుచీరల మధ్య ఉంటుంది. "రెండు కాపీలూ ఒకే ఇంట్లో ఉంటే అవి రెండు కాదు, ఒకటే. ఇల్లు మునిగితే రెండూ మునుగుతాయి" అని స్టూడియోకు వచ్చిన ప్రతివాళ్లకూ క్లాసు పీకేదాన్ని. పదిహేను రోజులకోసారి లాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సెక్కి కంకిపాడు వెళ్లి, కొత్తవన్నీ అందులో ఎక్కించి వచ్చేదాన్ని. "నా చీరల్లో నీ డబ్బా ఏంటే" అని అక్క సణిగేది. సణిగినా జాగ్రత్తగానే ఉంచేది.

వినాయక చవితి వెళ్లిన వారంలో ఒక ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. జబ్బు వల్ల మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే డాక్టరమ్మ ఆవిడ. బందరు వైపు ఒక రేవులో చేపల వేలం పిలిచే పెద్దాయనకు గొంతులో క్యాన్సరట. స్వరపేటిక పూర్తిగా తీసేయాలి. తీసేశాక ఇక ఆ గొంతు ఉండదు. ముందుగా ఆయన చేత వెయ్యి వాక్యాలు పలికించి శుభ్రంగా రికార్డు చేస్తే, అచ్చం ఆయన గొంతుతోనే ఫోన్ మాట్లాడేలా చేయొచ్చు. ఏ మాట టైపు చేసినా, అంతకుముందు ఆయన ఎప్పుడూ అనని మాటైనా సరే, ఆ గొంతుతో వినపడుతుంది. "గొంతు ఇప్పటికి బాగానే ఉందండీ. ఎన్నాళ్లుంటుందో మాత్రం చెప్పలేం. కాస్త తొందరగా కానివ్వండి" అందావిడ.

తొమ్మిది రోజులు రికార్డు చేశాం. ఆయనా, ఆయన భార్యా పొద్దున్నే బస్సులో వచ్చేవాళ్లు. ఆవిడ టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని ఆయన పక్కనే కూర్చునేది. ఆయనకు చదువు అంతంత మాత్రం. ఆవిడ లిస్టు చూసి ఒక్కో వాక్యం అందించేది, ఆయన పలికేవారు. నీళ్లు కావాలి. తల నొప్పిగా ఉంది. బస్సు ఎన్నింటికి? ప్రతి వాక్యానికీ శబ్దం ఎంతుందో చూపే మీటర్ ముల్లు ఎర్రగీత దాటిపోయేది.

"బాబాయ్ గారూ, ఇది వేలం కాదు. నేను ఇక్కడే మూడడుగుల దూరంలో ఉన్నాను" అనేదాన్ని.

"అలవాటమ్మా. పడవ ఇంజన్ల మీదుగా అరిచీ అరిచీ ఇట్టాగే వచ్చుద్ది" అనేవారు ఆయన, నవ్వుతూ. నేను కసురుకుంటే నవ్వే మనుషులు తక్కువ. మూడో రోజుకు నేను కసరడం మానేసి ముల్లునే కిందికి దించుకున్నాను.

చివరి రోజు వెళ్తూ ఆవిడ ఎండు మెత్తళ్ల పొట్లం మా అత్తగారి చేతిలో పెట్టింది. తర్వాత నా దగ్గరకు వచ్చి, "మేడంగారూ, ఇయ్యి భద్రంగా ఉంటయ్యా అండి?" అని అడిగింది. రెండు డిస్క్‌ల సంగతి చెప్పాను. కంకిపాడు బీరువా సంగతీ చెప్పాను. డిస్క్ మాట ఎలా ఉన్నా ఆవిడకు బీరువా అర్థమైంది. బంగారం పెట్టుకునే చోట పెట్టానని ధైర్యం తెచ్చుకుని వెళ్లింది.

నేను ఆ ఫైళ్లను వెంటనే డాక్టరమ్మకు పంపేయాల్సింది. పంపలేదు. మధ్యమధ్య దగ్గులున్నాయి, తడబాట్లున్నాయి, వీధిలో హారన్లున్నాయి. అవన్నీ కత్తిరించి, కడిగిన ముత్యాల్లా పంపాలని నా పంతం. సగం పని చేతిలోంచి పోనివ్వను అనేది నా గొప్ప. నెట్‌లో దాచుకునే వీలుంది గానీ మా వీధిలో నెట్ నత్తనడక. అదీ పండగ తర్వాతకు వాయిదా వేశాను. కంప్యూటర్లో చోటు చాలక అందులోవి చెరిపేశాను కూడా. రెండు డిస్క్‌లున్నాయిగా అని ధీమా. ఈలోగా పెద్దాయన గొంతు బొంగురుపోయింది. విజయదశమి మర్నాడు పొద్దున ఆపరేషన్ అని ఖాయం చేశారు.

అష్టమి నాడు అత్తగారు ఆయుధపూజకు సామాను తుడుస్తూ కూర్చున్నారు. మైకు, మిక్సర్, హెడ్‌ఫోన్లు ఏటా పీట ఎక్కుతాయి. నవమి నాడు పూజలో పెట్టినవాటిని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు, వాడకూడదు. మా ఇంట్లో అది గట్టి నియమం.

"ఆ పెద్దాయన గొంతు దాచిన డబ్బా ఏదమ్మాయ్? ఈ ఏడు ముందు దానికి పెట్టాలి బొట్టు" అన్నారు.

చూపించాను.

"ఇంకోటి ఉందన్నావుగా?"

"అక్క వాళ్లింట్లో ఉందత్తయ్యా."

"జంటలో ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తారటే? వెళ్లి తెచ్చెయ్. రెండు రోజులేగా, దశమి వెళ్లగానే మళ్లీ ఇచ్చెయ్యొచ్చు."

ఈ తప్పు ఆవిడ మీదకు నెట్టడం నాకు చాలా సుఖంగా ఉంటుంది. కానీ కుదరదు. ఊరందరికీ క్లాసు పీకిన దాన్ని నేను. ఆ క్షణాన నాకు ఆ మాట నచ్చింది. దేవుడి మీద నాకు పెద్ద పట్టింపు లేదు, భయం మాత్రం ఉంది. ఎల్లుండి కాక అవతల ఎల్లుండి ఒక మనిషి గొంతు కోయబోతున్నారు. ఆయన గొంతున్న రెండు పెట్టెలకూ అమ్మవారి ముందు బొట్టు పెట్టడం కన్నా మంచి పని ఏముంటుంది అనిపించింది. మధ్యాహ్నం బస్సెక్కి కంకిపాడు వెళ్లాను. "పండగ పూట దీన్నెక్కడికే?" అంది అక్క, చీరల్లోంచి తీసిస్తూ. "బొట్టు పెట్టించుకొస్తా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

నవమి నాడు మా ఆయనకు డ్యూటీ పడింది. అత్తగారూ నేనూ కలిసి పూజ చేశాం. పీట మీద ఎర్ర జాకెట్ గుడ్డ, మధ్యలో కలశం, చుట్టూ సామాను. డిస్క్‌లు రెండింటికీ పసుపు రాసి కుంకుమ పెట్టి, బొట్లు కనపడాలని కలశానికి చెరోవైపూ నిలబెట్టి ఆనించాను. కొబ్బరికాయ కొట్టాం. హారతి ఇచ్చాక అత్తగారి చేతిలో పళ్లెం అందుకోబోయి ముందుకు వంగాను. నా కొంగు కలశం మీది కొబ్బరికాయకు తగులుకుంది. లాగేసరికి కాయతో పాటు చెంబు కూడా పక్కకు ఒరిగింది.

చెంబెడు పసుపు నీళ్లు పీట మీద పారాయి. ఒక డిస్క్ ఆ నీళ్లలోనే పడుకుంది. రెండోది పీట అంచు మీదుగా జారి గచ్చు మీద పడింది, దాని మీదకు కూడా నీళ్లు కారాయి.

కలశం ఒరగడం అత్తగారికి పెద్ద దెబ్బ. మొహం తెల్లబోయింది. అయినా ముందుగా డిస్క్‌లే తీసి చీరతో తుడిచి, ఫ్యాన్ గాలి తగిలేలా పొడిగుడ్డ మీద పెట్టారు. కలశం మళ్లీ నిలబెట్టి చెంపలేసుకున్నారు. నా వైపు తిరిగి, "ఆరనియ్. ఎలాగూ రేపు ఉద్వాసన అయ్యేదాకా ముట్టుకోకూడదు. నీ తొందర నాకు తెలుసు, దాని జోలికి వెళ్లకు" అన్నారు.

తడిసిన డిస్క్‌కు కరెంటు ఇవ్వకూడదని నాకు తెలియక కాదు. ఒక రోజంతా, వీలైతే రెండు రోజులు ఆరనిచ్చి, తెలిసినవాళ్ల చేతిలో పెట్టాలి. లక్షసార్లు విన్న సంగతే. కానీ ఉన్నాయో పోయాయో తెలియకుండా ఒక పగలూ ఒక రాత్రీ కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. అత్తగారు వంటింట్లోకి వెళ్లగానే రెండింటినీ కింది గదిలోకి పట్టుకెళ్లాను. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చి అరగంట వేడిగాలి పట్టాను. పైకి పొడిగానే కనిపించాయి. కింద పడనిది కాస్త నయం కదా అని దాన్ని ముందు కంప్యూటర్‌కు తగిలించాను.

టిక్. కాసేపాగి మళ్లీ టిక్. మళ్లీ టిక్.

లోపలి ముల్లు చదవబోయి, చదవలేక వెనక్కి వచ్చే చప్పుడది. పీకి పక్కన పెట్టాను. ఇక్కడ ఆగినా సరిపోయేది. ఒకటి పోయిందని తెలిశాక రెండోదాన్ని ముట్టుకోకూడదు, అదొక్కటే దిక్కు కనక. నేను మాత్రం ఇది పోతే అది ఉంది, అది ఉందని ఇప్పుడే నా కళ్లతో చూడాలి అన్న ఒకే ఒక్క ఆలోచనతో రెండోదాన్ని కూడా తగిలించాను.

అది తిరిగింది. స్క్రీన్ మీద పెద్దాయన ఫోల్డర్ వచ్చింది. తెరిచాను. వాక్యం ఒకటి, వాక్యం రెండు, వాక్యం మూడు, వరసగా దిగుతున్నాయి. గట్టిగా ఏడ్చేశాను, సంతోషంతో. ఏడుస్తూనే కాపీ అని నొక్కాను. గీత కదల్లేదు. లోపల ఏదో గీసుకున్నట్టు సన్నగా కీచుమంది. ఫోల్డర్ మాయమైంది. తర్వాత ఎన్నిసార్లు పెట్టినా టిక్ అని కూడా అనలేదు.

డిస్క్‌లు బాగుచేసే అతను తెలిసినవాడే. షాపు మూసి ఉంది గానీ ఫోన్ ఎత్తాడు. అంతా విని, "తడిది ఎందుకు పెట్టారు మేడం? రేపటిదాకా ఆరనిస్తే రెంటిలో ఒకటైనా బతికేది గదా" అన్నాడు. హైదరాబాదు పంపాలన్నాడు. మూడు వారాలు పట్టొచ్చు, వస్తుందని హామీ ఇవ్వలేనన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అత్తగారు ఎప్పుడు వచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ మాట వినుంటే ఒకటైనా బతికేదని విన్నారు. తిడితే బాగుండేది.

అప్పటికి రెండున్నర. సాయంత్రం అయిదింటిదాకా నేనా కుర్చీలోంచి లేవలేదు. ఆ రెండున్నర గంటల్లో నాకొచ్చిన ఆలోచనలు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఇప్పుడు చెప్పడం ఎందుకు, మూడు వారాల్లో దొరుకుతాయేమో. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు ఆయనకు ఆ ఫోన్ అవసరం రాదు. కోతకు వెళ్లే మనిషిని ముందే కంగారు పెట్టడం పాపం కదా. ఇలా నాకు నేనే నచ్చజెప్పుకుంటూ, ఆయన మీద జాలి చూపిస్తున్నాననుకుంటూ, నిజానికి నన్ను నేను కాపాడుకుంటున్నాను.

అత్తగారు కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఆయనకు గొంతు ఇంకా ఎప్పటిదాకా ఉంటుంది?" అని అడిగారు.

"ఎల్లుండి పొద్దున్న దాకా."

"మరి నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు?"

ఫోన్ చేశాను. పెద్దాయన భార్య ఎత్తింది. ఆస్పత్రి దగ్గర బంధువుల గదిలో దిగారట, పొద్దున్నే చేరాలట. ఆ కబుర్లన్నీ చెప్పనిచ్చి, ఆఖరికి అన్నాను.

"పిన్నిగారూ, రికార్డింగులు పోయాయి. నా తప్పే. నీళ్లు పడ్డాయి."

"పోటం ఏంటండి?" అంది ఆవిడ. మళ్లీ, "బీరువాలో ఇంకోటి ఉందన్నారు గదండి?" అంది.

"అదీ పోయిందండీ. పూజకని నేనే ఇంటికి తెచ్చాను."

అవతల ఎవరో దగ్గడం వినపడింది. పెద్దాయనే. "మీ చేతిలో పెట్టాం గదండీ" అంది ఆవిడ. కోపంగా అనలేదు. "ఆయనకి నేను చెప్పలేను. మీరే చెప్పండి" అని ఫోన్ ఆయనకిచ్చింది.

చెప్పాను. ఇప్పుడే తప్ప మళ్లీ రికార్డు చేయడం కుదరదని, ఆస్పత్రివాళ్లు ఒప్పుకుంటే రేపు పొద్దున్నే మైకు పట్టుకుని వస్తానని చెప్పాను. ఆయన వింటున్నారని ఊపిరిని బట్టి తెలుస్తోంది.

"రామ్మా" అన్నారు.

డాక్టరమ్మ ఎవరెవరినో బతిమాలి దశమి నాడు పది నుంచి పదకొండు దాకా టైమ్ ఇప్పించింది. పదకొండు తర్వాత పరీక్షలకు తీసుకెళ్తారు, ఇక మాట్లాడనివ్వరు. అత్తగారు తెల్లవారుతూనే తలస్నానం చేసి, ఎప్పుడూ పది గంటలకు చెప్పే ఉద్వాసన ఆరింటికే చెప్పి, కలశం కదిపి, మైకు నా చేతికిచ్చారు. కుంకుమ తుడుస్తుంటే, "ఉండనియ్" అన్నారు.

కొండ మీది అమ్మవారి గుడి కింద రోడ్డు పండగ రోజుల్లో మూసేస్తారు. సొరంగం వైపు తిరిగాను. మాల వేసుకున్న ఎర్రబట్టల భవానీలు, వాళ్ల వెనక పిల్లల్ని ఎత్తుకున్న జనం, మధ్యలో నా స్కూటర్. గంటకు పైగా చేతిలో ఉందని బయల్దేరితే సొరంగం దాటేసరికే పది. ఒకాయన బండి అడ్డంగా పెట్టి పూలు బేరమాడుతున్నాడు. నా జన్మలో ఎవర్నీ తిట్టనంతగా తిట్టాను. ఆయన బిత్తరపోయి పూలు వదిలేసి బండి తీశాడు. ఆస్పత్రి మెట్లు ఎక్కేసరికి పదీ ఇరవై.

గదిలో ఫ్యాన్ ఆపించి, కిటికీకి దుప్పటి కట్టాను. వరండాలో స్ట్రెచర్ చక్రాల చప్పుడు ఆపడం మాత్రం నా చేతిలో లేదు. పెద్దాయన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. పదిహేను రోజుల్లో సగమయ్యారు. మైకు పెట్టి మాట్లాడమంటే వచ్చిన గొంతు విని నేను తల దించుకున్నాను. ఇసుకలో ఈడ్చినట్టుంది. మీటర్ ముల్లు లేవనే లేదు.

డాక్టరమ్మ సంగతి విప్పి చెప్పింది. ఉన్న టైమ్‌లో, ఈ గొంతుతో వెయ్యి వాక్యాలు అసాధ్యం. కాబట్టి ఏ మాట కావాలంటే ఆ మాట పలికే గొంతు తయారు కాదు. ఆయన ఇప్పుడు ఏం పలికితే అవే మిగులుతాయి. ఒక్కో వాక్యానికి ఫోన్‌లో ఒక్కో బటన్ పెట్టొచ్చు. నలభయ్యో, మహా అయితే యాభయ్యో. "బాగా అవసరమైనవి ఏరండి" అంది.

పాత లిస్టు పెద్దాయన భార్య చేతిలో ఉంది. నా దగ్గర పెన్ను తీసుకుంది.

"నీళ్లు కావాలి. ఇది వద్దండి, బొటనవేలు చూపిస్తే నేనిస్తాను" అని కొట్టేసింది. "నొప్పిగా ఉంది. మొహం చూస్తే నాకు తెలవదా?" అదీ కొట్టేసింది. బస్సు ఎన్నింటికి, టీవీ పెట్టు, డాక్టర్ని పిలవండి, ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయింది. మొదటి పేజీ అయిపోయింది. రెండోది మొత్తానికీ అడ్డంగా ఒకే గీత గీసింది. నేను గోడ గడియారం చూస్తున్నాను. పదీ ముప్పై.

"పిన్నిగారూ, అన్నీ కొట్టేస్తే ఇక చెప్పడానికేం ఉంటుంది?" అన్నాను, ఆగలేక.

ఆవిడ కాగితాలు పక్కన పెట్టేసింది. "నన్ను పిలవమనండి" అంది.

ఆయన ఆవిడ వైపు చూసి, "ఏమేవ్, ఎక్కడున్నావ్?" అన్నారు.

"ఇక్కడే ఉన్నా" అంది ఆవిడ. అది కూడా రికార్డయింది. నేను ఆపలేదు.

తర్వాత ఆవిడ అడుగుతూ పోయింది, ఆయన పలుకుతూ పోయారు. అన్నం తిన్నావా. నీ మొహం, నీకేం తెలుసు. అట్టాగేలే. ఎవరదీ? వేటకెళ్లే పెద్దకొడుక్కి ఒకటి, పెద్దోడా, గాలి చూసుకుని పో. ఊరికే ఏడవమాక. ప్రతి రెండు మాటలకూ ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. పదీ యాభైకి ఆయన చెయ్యెత్తి తానే ఒకటి చెప్తానన్నట్టు సైగ చేశారు. ఆవిడకు అర్థమై, "వద్దయ్యా, అది వద్దు, గొంతు పోద్ది" అంది. ఆయన వినలేదు. నడుం నిటారుగా పెట్టి వేలం పిలుపు ఎత్తుకున్నారు.

"రండి బాబూ రండి, పండుగప్ప, పండుగప్ప..."

రెండో పండుగప్ప దగ్గర గొంతు విరిగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ అంతే. ఆవిడ మొహం గోడ వైపు తిప్పేసుకుంది. నర్సు తలుపు తట్టి లోపలికి వచ్చింది. మొత్తం ముప్పై ఒక్క వాక్యాలు.

వరండాలో బెంచీ మీద కూర్చుని, అక్కడికక్కడే ఆ ఫైళ్లను నా ఫోన్‌లోకి ఎక్కించాను. పిన్నిగారి ఫోన్‌లోకి ఎక్కించాను. డాక్టరమ్మకు పంపాను, నెట్‌లో ఒక చోట పెట్టాను. దగ్గులూ స్ట్రెచర్ చప్పుళ్లూ ఏవీ కత్తిరించలేదు. ఒక్కోటీ చేరిందో లేదో తెరిచి విని చూసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా పట్టుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. హైదరాబాదు వెళ్లిన డిస్క్‌లు నెల తర్వాత తిరిగొచ్చాయి. ఒకదాని లోపల తిరిగే పళ్లెం మీద గీతలు పడ్డాయట, రెండోదాంట్లో చదవగలిగింది ఏమీ లేదట. పారేయలేక సొరుగులో పడేశాను.

అప్పట్నుంచి నా చాదస్తం ముదిరింది. స్టూడియోకు వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోనివ్వక ముందే అడుగుతాను. మీ అమ్మాయి మొదటిసారి మాట్లాడిన వీడియో ఎక్కడుంది? ఫోన్‌లోనా? ఇంకెక్కడ? ఇంకెక్కడా లేదా? ఇంటికెళ్లి ఒక కాపీ చేసి, దాన్ని వేరే ఇంట్లో పెట్టి, అప్పుడు రండి. ఎవరేమన్నా, ఏ దేవుడు అడిగినా రెండూ ఒకచోటికి తేకండి. కొందరు నవ్వుతారు. కొందరు ఈవిడకేదో అయిందని మొహాలు చూసుకుంటారు. ఒకాయన మాత్రం ఒప్పుకుని వెళ్లి, మళ్లీ రాలేదు. వేరే స్టూడియోకు పోయుంటాడు, పోనీ.

మొన్న ఎండాకాలంలో పెద్దాయనకు చెకప్ ఉండి, ఆవిడ ఒక్కతే ఆస్పత్రి నుంచి మా ఇంటికి వచ్చింది. ఆయన ఆటోలో కూర్చున్నారట, ఎక్కువసేపు ఉండనంది. ఆయన బాగున్నారని, రేవుకు కూడా వెళ్తున్నారని చెప్పింది. మజ్జిగ ఇస్తే తాగి గ్లాసు కింద పెట్టి, లేవకుండా కూర్చుంది.

"మేడంగారూ, ఒకటడుగుతాను, తప్పుగా అనుకోమాకండి."

"అడగండి పిన్నిగారూ."

"ఆయన ఫోన్ నొక్కితే ఏమేవ్ అంటది. పలుకుతాను. రోజుకి పదిసార్లు పిలుత్తాడు, పదిసార్లూ పలుకుతాను. బానే ఉంది. కానీ ఆయన ముందటి గొంతు నాకు గుర్తుకు రావట్లేదండి. ముప్పై ఏళ్లు విన్నాను. కళ్లు మూసుకుంటే ఇదే వస్తంది, ఈ జబ్బు గొంతు. మీరు తొమ్మిది రోజులు చెవులకి తగిలించుకుని మరీ విన్నారు గదా. మీకు గుర్తుందా అండి?"

నేను కళ్లు మూసుకోలేదు. మూసుకోవాల్సిన అవసరం లేదు, దసరా నుంచి ఎన్నోసార్లు మూసుకుని చూశాను.

"గుర్తుంది" అన్నాను.

"ఎట్టా ఉండేదండి?"

"ఖంగుమని ఉండేది పిన్నిగారూ."

"ఆఁ" అంది ఆవిడ. మొహం విప్పారింది. "ఆఁ, ఖంగుమనేది. నిజమే." ఆ మాట మళ్లీ రెండుసార్లు తనలో తాను అనుకుని, మర్చిపోకుండా పట్టుకెళ్తున్నట్టు నోరు బిగించుకుని మెట్లు దిగి ఆటో ఎక్కింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. వీధిలో ఉన్న ఎవర్ని అడిగినా వేలం పిలిచే మనిషి గొంతును ఖంగుమని ఉంటుందనే చెప్తారు. నేనూ అదే చెప్పాను. నా చెవుల్లో కూడా మిగిలింది ఆ ఆస్పత్రి గదిలో గొంతు ఒక్కటే.